వోస్తోక్ ఆంఫిబియా: వెనక మూత విప్పితే తెలిసే వాచీ

మొదటి మెకానికల్ వాచీ ఏది కొనమంటారు అని ఎవరు అడిగినా నా జవాబు ఒకటే, రష్యా కంపెనీ వోస్తోక్ చేసే డైవింగ్ వాచీ ఆంఫిబియా. అందులోనూ 420 నంబరు కేసు (బయటి లోహపు డొక్కు), లోపల 2416బి మూవ్‌మెంట్ (వాచీని నడిపే యంత్రం). ఇది అందరికీ నచ్చదని తెలిసే చెప్తున్నాను. దీని చైను బాగోదు, చీకట్లో టైమ్ సరిగ్గా కనిపించదు, తారీకు మార్చాలంటే ఓపిక కావాలి, క్రౌన్ (పక్కన ఉండే, కీ ఇచ్చే బొడిపె) మర విప్పగానే ఊడి చేతిలోకి వస్తుందేమో అన్నట్టు ఊగుతుంది. అయినా సరే, తక్కువ డబ్బుకి దొరికే మెకానికల్ వాచీల్లో "ఇది ఇలా ఎందుకు చేశారు" అని అడిగితే ఇంచుమించు ప్రతి భాగానికీ ఒప్పుకోదగ్గ జవాబున్న వాచీ నేను చూసినంతలో ఇదే. పైగా కొన్నవాళ్ళు సొంత చేతులతో విప్పి, చూసి, మళ్ళీ మూసి చేతికి పెట్టుకుని తిరగొచ్చు. చవక వాచీలో నేను ముందుగా వెతికేది అదే, డయల్ అందం ఆ తర్వాత.

ఈ వాచీ తయారయ్యేది రష్యాలో, టాటర్‌స్తాన్‌లో కామా నది ఒడ్డున ఉన్న చిస్తొపోల్ అనే ఊళ్ళో. రెండో ప్రపంచ యుద్ధంలో మాస్కోలోని రెండో వాచీ ఫ్యాక్టరీలో కొంత భాగాన్ని అక్కడికి తరలించారు, 1942 నుంచి ఆ ఊరి కథ అలా మొదలైంది. 1965లో సోవియట్ రక్షణ శాఖకి వాచీలు సరఫరా చేసే పని ఈ ఫ్యాక్టరీకి దక్కింది, ఈ ఫ్యాక్టరీ ఇంకో రకం వాచీకి ఉన్న కమాండర్‌స్కీ అన్న పేరు అప్పటిదే. రెండేళ్ళకి, 1967లో ఆంఫిబియా వచ్చింది. దాన్ని రూపొందించినవాళ్ళు మిఖాయిల్ నోవికోవ్, వేరా బెలోవా. ఈ రెండు పేర్లూ వాచీలు ఇష్టపడే వాళ్ళందరికీ తెలియాలని నాకు గట్టిగా ఉంటుంది, ఎందుకంటే వాళ్ళు చేసింది చిన్న పని కాదు.

ఆంఫిబియాని 200 మీటర్ల లోతు తట్టుకునేలా చేశారు. ఆ లోతులో నీళ్ళు వాచీ మీద ఒక్కో చదరపు సెంటీమీటరుకి దాదాపు 20 కిలోల బరువుతో నొక్కుతాయి. దాన్ని తట్టుకోవడానికి మామూలుగా వాడే పద్ధతి ఏంటంటే, వెనక మూతని, కేసుని చాలా కచ్చితమైన కొలతలతో చెక్కి, మధ్యలో సన్నటి రబ్బరు రింగు పెట్టి, మూతని స్క్రూ తిప్పినట్టు తిప్పి బాగా బిగించడం. ఈ పద్ధతిలో రెండు ఇబ్బందులు. కొలతలు ఏమాత్రం తేడా వచ్చినా కుదరదు, కాబట్టి తయారీ ఖర్చు పెరుగుతుంది. రెండోది, మూత తిరుగుతూ బిగుసుకుంటుంది కాబట్టి కింద ఉన్న రబ్బరు కూడా దానితో పాటు లాగబడుతుంది, ఒక్కోసారి మెలిపడుతుంది, మెలిపడిన చోట నీళ్ళకి దారి దొరుకుతుంది.

ఆంఫిబియా వెనక భాగం రెండు ముక్కలు. ఒకటి చదునుగా ఉండే మూత, దాని అంచున ఉన్న చిన్న పన్ను కేసులో ఉన్న గాడిలో కూర్చుంటుంది కాబట్టి అది తిరగదు. రెండోది దాని మీదుగా వచ్చే మర రింగు, తిరిగేది అదొక్కటే. రింగు బిగిస్తుంటే మూత తిరక్కుండా నిటారుగా కిందికి దిగి, కింద ఉన్న వెడల్పాటి, మందమైన రబ్బరు గాస్కెట్‌ని సమంగా నొక్కుతుంది. రబ్బరు మెలిపడే ప్రసక్తే లేదు. లోతుకి వెళ్ళేకొద్దీ బయటి నీళ్ళు ఆ మూతని ఇంకా లోపలికి తోస్తాయి, గాస్కెట్ ఇంకా అదుముకుంటుంది. నీళ్ళ తొట్టి అడుగున పెట్టే బిరడా కూడా ఇంతే కదా, పైన నీళ్ళు పెరిగేకొద్దీ అది బిగుసుకుంటుంది. అంటే నీటి ఒత్తిడిని ఎదిరించడానికి ఖర్చు పెట్టకుండా దాన్నే పనిలో పెట్టుకున్నారు. గాస్కెట్ మందంగా ఉంది కాబట్టి కేసు చెక్కడంలో చిన్న చిన్న తేడాలున్నా అదే సర్దుకుంటుంది. వాచీ చవగ్గా ఉండటానికీ, నీళ్ళలో నమ్మదగ్గదిగా ఉండటానికీ కారణం ఒక్కటే కావడం నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరుస్తుంది.

అద్దం కూడా అదే ఆలోచనతో పెట్టిందే. గీతలు పడని గట్టి సఫైర్ కాదు, సుమారు మూడు మిల్లీమీటర్ల మందం ఉన్న యాక్రిలిక్ ప్లాస్టిక్. ఒత్తిడి పెరిగితే ఇది కొద్దిగా వంగి, కేసు అంచుకి ఇంకా దగ్గరగా అదుముకుంటుంది. యాక్రిలిక్ అంటే చాలామంది మొహం చిట్లిస్తారు, గీతలు పడతాయని. పడతాయి, నిజమే. ప్లాస్టిక్ అద్దాలకి వాడే పాలిష్ పేస్టు కొంచెం గుడ్డ మీద వేసి కాసేపు రుద్దితే పోతాయి కూడా. సఫైర్ మీద గీత పడటం కష్టమే కానీ గట్టి దెబ్బ తగిలితే అది ముక్కలవుతుంది, ఆ ముక్కలు డయల్ మీద, మూవ్‌మెంట్‌లో పడితే బాగుచేయించే ఖర్చు చవక వాచీ ధరని మించిపోతుంది. రోజూ పెట్టుకుని పనులు చేసుకునే వాచీకి యాక్రిలిక్కే సరైనదని నా అభిప్రాయం. వెలుతురులో దాని గుండ్రటి అంచు దగ్గర అంకెలు కొంచెం వంగినట్టు కనిపిస్తాయి, అది నాకు ఇష్టం, దాని కోసమే కొనేవాళ్ళున్నారు.

ఇక క్రౌన్. కొత్తగా కొన్నవాళ్ళకి టెన్షన్ పెట్టేది ఇదే. మర విప్పగానే వదులుగా, అటూ ఇటూ ఊగుతూ ఉంటుంది, వాచీ పాడైందేమో అనిపిస్తుంది. అది పాడవడం కాదు, కావాలనే అలా చేశారు. క్రౌన్‌ని, లోపలికి వెళ్ళే సన్నటి కాడని ఒకే కడ్డీగా చేయకుండా మధ్యలో ఒక చిన్న క్లచ్ పెట్టారు. క్రౌన్ బిగించి ఉన్నప్పుడు కాడతో దానికి సంబంధం ఉండదు, పక్కనుంచి దెబ్బ తగిలితే ఆ దెబ్బ క్రౌన్ దగ్గరే ఆగిపోతుంది, కాడ వంగదు, మూవ్‌మెంట్‌కి ఏమీ కాదు. కీ ఇచ్చేటప్పుడు క్రౌన్‌ని కొద్దిగా బయటికి లాగి పట్టుకున్నట్టు ఉంచి తిప్పితే సాఫీగా తిరుగుతుంది. కొన్నాళ్ళు వాడితే వేళ్ళకే అలవాటైపోతుంది.

మూవ్‌మెంట్ సంగతి. 2416బి ఆటోమేటిక్, చెయ్యి కదులుతుంటే రోటర్ అనే బరువు ముక్క తిరిగి దానంతట అదే స్ప్రింగ్ చుట్టుకుంటుంది, కావాలంటే క్రౌన్‌తో కీ కూడా ఇవ్వచ్చు. చక్రాల ఇరుసులు అరగకుండా పెట్టే రాళ్ళు 31. గంటకి 19,800 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకి ఐదున్నర. జపాన్ కంపెనీ సీకో చవక మూవ్‌మెంట్లు 21,600, ఖరీదైన స్విస్ వాటిలో చాలా మట్టుకు 28,800. కాబట్టి సెకన్ల ముల్లు వాటిలో అంత నున్నగా జారదు, దగ్గరగా చూస్తే చిన్న చిన్న అడుగులు తెలుస్తాయి. పూర్తిగా కీ ఇస్తే నడిచేది కంపెనీ లెక్క ప్రకారం 31 గంటలు. ఇది తక్కువే. శుక్రవారం రాత్రి తీసి పక్కన పెడితే ఆదివారం పొద్దున్నే ఆగిపోయి ఉంటుంది. వాచీలు మార్చి మార్చి పెట్టుకునేవాళ్ళకి ఇది చిరాకు, రోజూ ఇదొక్కటే పెట్టుకునేవాళ్ళకి పట్టదు.

టైమ్ ఎంత సరిగ్గా చూపిస్తుంది? రోజుకి 20 సెకన్లు వెనక్కి మొదలు 60 సెకన్లు ముందుకి దాకా కంపెనీయే ఒప్పుకుంటుంది. బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీల నుంచి వచ్చినవాళ్ళకి ఈ అంకె చూడగానే గుండె జారుతుంది. ఒక్కసారి లెక్క వేయండి. రోజుకి 86,400 సెకన్లు, అందులో 60 తేడా అంటే నూటికి 0.07 కూడా కాదు. బ్యాటరీ లేదు, చిప్పు లేదు, చుట్టిన ఒక స్ప్రింగు, కొన్ని పళ్ళ చక్రాలు, హెయిర్ స్ప్రింగు అనే వెంట్రుక లాంటి ఇంకో స్ప్రింగు, అంతే ఉన్న యంత్రం రోజుకి 4,75,200 సార్లు కొట్టుకుంటూ ఇంత దగ్గరగా నిలవడం గొప్ప విషయం. నా దగ్గరున్నది కంపెనీ చెప్పిన హద్దుల్లో హాయిగానే నడుస్తుంది, కాస్త సర్దాక ఇంకా బాగుంది, ఆ సంగతి కింద చెప్తాను.

సెకన్ల ముల్లు ఆపి సరిచేసుకునే సౌకర్యం లేదు. క్రౌన్ లాగినా ముల్లు తిరుగుతూనే ఉంటుంది. సెకన్లతో సహా టైమ్ పెట్టుకోవాలనే పట్టుదల ఉంటే వాచీ ఆగిపోయి ఉన్నప్పుడు పెట్టుకోవాలి, లేదా స్ప్రింగు దాదాపు ఖాళీగా ఉన్నప్పుడు ముళ్ళని చాలా నెమ్మదిగా వెనక్కి ఒత్తి పట్టుకోవాలి. నేను దీని కోసం శ్రమ పడను.

తారీకు విషయంలో మాత్రం కొనబోయేవాళ్ళు ముందే తెలుసుకోవాలి. క్రౌన్ మధ్య స్థానంలో ఉంచి తారీకుని చకచకా తిప్పే వీలు ఇందులో లేదు. పద్ధతి ఇది: ముళ్ళని ముందుకి తిప్పుతూ అర్ధరాత్రి దాటించి తారీకు మారేలా చూడాలి, తర్వాత వెనక్కి రాత్రి ఎనిమిది దాకా తేవాలి, మళ్ళీ ముందుకి అర్ధరాత్రి దాటిస్తే ఇంకో తారీకు. అలా ఎన్ని రోజులు వెనకబడి ఉంటే అన్నిసార్లు. వాచీ రెండు వారాలు పక్కన పడి ఉంటే ఇది సహనానికి పరీక్షే. తారీకు అక్కర్లేదనుకుంటే 2415 మూవ్‌మెంట్ ఉన్నది చూడండి, ఇదే యంత్రం తారీకు లేకుండా, డయల్ కూడా శుభ్రంగా ఉంటుంది. దొరికితే అదే మేలని నేనంటాను.

చేతి మీద ఎలా ఉంటుంది అంటే, 420 కేసు వెడల్పు సుమారు 40 మిల్లీమీటర్లు, సన్న మణికట్టుకి కూడా సరిపోతుంది. అద్దం పైకి ఉబ్బి ఉంటుంది కాబట్టి ఎత్తుగానే ఉంటుంది, బిగుతు చొక్కా కఫ్ కిందికి దూరడం కష్టం. పట్టీ పట్టే చోట వెడల్పు 18 మిల్లీమీటర్లు. దానితో వచ్చే చైను గురించి పొడిగించను, రేకు మడిచి చేసిన లింకులు, తేలికగా ఉండి గలగలలాడుతుంది, చేతి వెంట్రుకలు పట్టుకుంటుంది. వాచీతో పాటే ఒక నైలాన్ పట్టీ కూడా ఆర్డర్ పెట్టేసుకోండి. ఒకే పొడుగు గుడ్డ రెండు పిన్నుల కిందుగా దూరిపోయే రకం అయితే ఒక పిన్ను ఊడినా వాచీ కింద పడదు. ఈ వాచీ మీద తోలు పట్టీ కన్నా అదే అందంగా ఉంటుంది కూడా. చీకట్లో మెరిసే పూత పలచన, నిద్రలో లేచి టైమ్ చూసుకుందామంటే కుదరదు. డైవింగ్ వాచీ అని పేరు పెట్టుకున్నదానికి ఇది నిజంగా లోటే, ఎవరెంత సమర్థించినా నేను ఒప్పుకోను.

బెజెల్, అంటే అద్దం చుట్టూ ఉండే తిరిగే రింగు, రెండు వైపులా తిరుగుతుంది, టిక్కు టిక్కు అనే మెట్లు ఉండవు. ఇప్పటి డైవింగ్ వాచీల్లో అది ఒక్క వైపే తిరుగుతుంది, ఎందుకంటే పొరపాటున తగిలి కదిలినా నీళ్ళలో గడిపిన సమయం ఎక్కువగా కనిపించాలి గాని తక్కువగా కనిపించకూడదు. కాబట్టి ఊపిరి సిలిండర్ కట్టుకుని దిగేవాళ్ళు దీని బెజెల్ మీద ప్రాణాలు పెట్టుకోవద్దు. ఈత కొట్టేవాళ్ళకి, పార్కింగ్ టైమ్ గుర్తుపెట్టుకునేవాళ్ళకి, వేరే దేశంలో ఉన్నవాళ్ళ గంట లెక్కపెట్టుకునేవాళ్ళకి రెండు వైపులా తిరగడమే సుఖం.

ఇక నాకు అన్నిటికన్నా ఇష్టమైన భాగం, చేయి పెట్టి సర్దుకోవడం. బెజెల్‌తో మొదలుపెట్టండి, దానికి వాచీ లోపలికి వెళ్ళాల్సిన పనే లేదు. మొద్దు అంచు ఉన్న పలుచటి పరికరం కింద దూర్చి నెమ్మదిగా ఎత్తితే పైకి వచ్చేస్తుంది. లోపల ఒక తీగ స్ప్రింగు ఉంటుంది. బెజెల్ మరీ వదులుగా తిరుగుతోందనిపిస్తే ఆ తీగని కొద్దిగా వంచితే బిగువు వస్తుంది, మరీ గట్టిగా ఉంటే కొద్దిగా సాపు చేస్తే చాలు. దీని కోసం వేరే వాళ్ళు చేసి అమ్మే స్టీలు బెజెల్స్ ఉన్నాయి, వాటిలో చాలా వాటికి సీకో పాత డైవింగ్ వాచీ ఎస్‌కేఎక్స్ కొలత ఇన్సర్టులు (బెజెల్ మీద కూర్చునే, గుర్తులున్న రింగులు) సరిపోతాయి. అంటే రంగులకి, అంకెల తీరులకి అంతే లేదు. బెజెల్, పట్టీ మార్చితే చాలు, అదే వాచీని పక్కవాళ్ళు గుర్తుపట్టలేరు.

తర్వాత మెట్టు టైమ్ సర్దడం. ముందు కనీసం ఒక వారం వాచీని పెట్టుకుని, రోజూ ఒకే వేళకి ఫోన్ టైమ్‌తో పోల్చి ఎంత తేడా వస్తోందో రాసుకోండి. ఈ పని దాటేసి నేరుగా విప్పడం దండగ. రాత్రిపూట ఎలా పెడుతున్నారో కూడా రాయండి, డయల్ పైకి ఉండేలా పెడితే ఒక తీరు, క్రౌన్ పైకి ఉండేలా నిలబెడితే ఇంకో తీరు నడుస్తుంది. చాలాసార్లు ఈ పడుకోబెట్టే తీరు మార్చుకుంటేనే పగలు వచ్చిన తేడా రాత్రి సర్దుకుపోతుంది, విప్పనే అక్కర్లేదు. ఉన్నట్టుండి ఒక రోజు నుంచి వాచీ నిమిషాలు నిమిషాలు ముందుకి పోతుంటే మాత్రం లోపల వేగం సర్దే లివర్ ముట్టుకోకండి, అది అయస్కాంతం పని అయి ఉంటుంది. ఫోన్ కవర్లలో, స్పీకర్లలో అయస్కాంతాలుంటాయి, హెయిర్ స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి అతుక్కుంటే స్ప్రింగు పొట్టిదైనట్టే కదా, అందుకే వేగం పెరుగుతుంది. అయస్కాంత గుణం పోగొట్టే డీమాగ్నెటైజర్ మీద పెడితే కొన్ని సెకన్లలో వదిలిపోతుంది.

నిజంగా సర్దాల్సి వస్తే మర రింగు విప్పడానికి సరిపడే పనిముట్టు, దుమ్ము లేని బల్ల, మంచి వెలుతురు, కంటికి పెట్టుకునే భూతద్దం, ఇవి చాలు. రింగు విప్పి, మూత ఎత్తి, గాస్కెట్‌ని సాగదీయకుండా తీసి శుభ్రమైన చోట పెట్టాలి. రోటర్‌ని పక్కకి తిప్పితే బ్యాలెన్స్ చక్రం అటూ ఇటూ ఊగుతూ కనిపిస్తుంది. మొదటిసారి చూసేవాళ్ళు కాసేపు ఏమీ చేయకుండా చూడండి, దాని కోసమే విప్పామనుకున్నా పర్వాలేదు. దాని మీద ఉన్న చిన్న లివర్‌ని ప్లస్ వైపు జరిపితే వేగం పెరుగుతుంది, మైనస్ వైపు జరిపితే తగ్గుతుంది. జరపడం అంటే కంటికి కదిలిందో లేదో తెలియనంత. ఫోన్ మైకుతో టిక్కుల్ని విని రోజువారీ తేడా లెక్కకట్టే యాప్‌లున్నాయి, నిశ్శబ్దంగా ఉన్న గదిలో అయితే అవి బాగానే పనిచేస్తాయి. పక్కనే ఇంకో లివర్ ఉంటుంది, హెయిర్ స్ప్రింగు చివర పట్టుకుని ఉండేది, దాన్ని కదిపితే టిక్కుకీ టాక్కుకీ మధ్య సమానత్వం మారిపోతుంది. కొలిచే పరికరం లేకుండా దాని జోలికి వెళ్ళకండి. హెయిర్ స్ప్రింగుకి పరికరం తగలకూడదు, ఇది అన్నిటికన్నా ముఖ్యం.

మూసేటప్పుడు ఈ వాచీ చేసే మేలు మళ్ళీ తెలుస్తుంది. మామూలు మర మూతల్లో రబ్బరు రింగు మెలిపడిందా లేదా అన్న అనుమానం మిగిలిపోతుంది. ఇందులో గాస్కెట్ చదునుగా కూర్చుంది, మూత పన్ను గాడిలో పడింది అని చూసుకుంటే చాలు, ఆ తర్వాత తిరిగేది రింగే. అయినా ఏ వాచీ విప్పినా సరే, నీళ్ళలోకి తీసుకెళ్ళే ముందు ప్రెషర్ టెస్ట్ చేయించాలి, ఇందులో మినహాయింపు లేదు.

ఇదే ధర దగ్గర్లో పోటీ ఏముంది అని అడుగుతారు. సీకో 7ఎస్26 మూవ్‌మెంట్ ఉన్న పాత వాచీలు గట్టివి, వారం, తారీకు రెండూ చకచకా మారతాయి, కానీ దానికి క్రౌన్‌తో కీ ఇవ్వలేం. ఆ మూవ్‌మెంట్‌తో వచ్చిన 200 మీటర్ల ఎస్‌కేఎక్స్ 2019 ప్రాంతంలో ఆగిపోయింది, అదే ఏడాది వచ్చిన కొత్త సీకో 5 స్పోర్ట్స్‌లో మూవ్‌మెంట్ మెరుగైంది, నీటి రక్షణ మాత్రం 100 మీటర్లకి తగ్గింది. ఎన్‌హెచ్35 మూవ్‌మెంట్ ఎన్నో చిన్న బ్రాండ్లు వాడతాయి, 24 రాళ్ళు, 41 గంటలు నడుస్తుంది, సెకన్ల ముల్లు ఆగుతుంది, విడి భాగాలు ఎక్కడైనా దొరుకుతాయి. వాడకంలో 2416బి కన్నా అది అన్ని విధాలా సుఖం, ఇందులో వాదన లేదు. డయల్, ముళ్ళు, కేసు అన్నీ విడిగా కొని సొంతంగా వాచీ కట్టుకోవాలనుకునేవాళ్ళకి ఎన్‌హెచ్35 దారే మంచిది. స్విస్ కంపెనీ స్వాచ్ 2013లో తెచ్చిన సిస్టమ్51 ఇంకో కొస. 51 భాగాలు, మధ్యలో ఒకే ఒక్క స్క్రూ, 90 గంటలు నడుస్తుంది, తయారీలో అద్భుతం. కానీ దాన్ని విప్పలేం, సర్దలేం, పాడైతే మొత్తం మార్చడమే. మెకానికల్ వాచీ కొనేదే దాని లోపలికి మనకి దారి ఉంటుందని అయితే, ఆ దారి మూసేసిన వాచీ ఎంత తెలివైనదైనా నా మనసుకి ఎక్కదు.

ఎవరు కొనకూడదో కూడా చెప్పాలి. ఒకే వాచీ ఉండాలి, రోజూ సెకను కూడా తేడా రాకూడదు అనుకునేవాళ్ళు క్వార్ట్జ్ తీసుకోండి, అందులో తప్పేం లేదు. పాలిష్, అంచుల మెరుపు, డయల్ ముద్రణ చూసి మురిసిపోయేవాళ్ళకి ఇది మొరటుగా అనిపిస్తుంది. బహుమతిగా ఇవ్వడానికి కూడా బాగా ఆలోచించండి, ఊగే క్రౌన్, తారీకు పద్ధతి తెలియనివాళ్ళు దీన్ని ఒక్క పూటలో పక్కన పడేస్తారు.

సేకరించడం మొదలుపెట్టాలనుకుంటే ఇది మంచి మొదలే. కేసు నంబరు మూడు అంకెలు, డయల్ నంబరు మూడు అంకెలు, రెండూ కలిపితే మోడల్. 420059 అంటే 420 కేసులో ఈతగాడి బొమ్మ ఉన్న నీలం డయల్, అభిమానులు స్కూబా డ్యూడ్ అని పిలుచుకునేది. నా ఓటు దానికే. రెండోదిగా కీ ఇచ్చే 2414 మూవ్‌మెంట్ కమాండర్‌స్కీ తీసుకోవచ్చు, 17 రాళ్ళు, రోజూ పొద్దున్నే కీ ఇచ్చే అలవాటు హాయిగా ఉంటుంది. అయితే మామూలు కమాండర్‌స్కీలకి ఆంఫిబియా వెనక మూత ఉండదు, 200 మీటర్ల రక్షణా ఉండదు, వాటిని ఈతకి తీసుకెళ్ళకండి. సోవియట్ కాలం నాటివి కొనాలనే కోరిక తొందరగానే పుడుతుంది, అక్కడ జాగ్రత్త కావాలి. ఒక వాచీ డయల్, ఇంకో వాచీ కేసు, మరోదాని ముళ్ళు కలిపి కట్టినవి చాలా తిరుగుతుంటాయి. అందుకే ముందు కొత్త ఆంఫిబియా ఒకటి కొని, వెనక మూత రెండు మూడు సార్లు విప్పి మూసి, దాని రింగు, పన్ను, గాస్కెట్ ఎలా ఉంటాయో కంటికి పట్టించుకోండి. పాతది అమ్మేవాళ్ళని మూత విప్పిన ఫొటో అడిగినప్పుడు దేన్ని చూడాలో అప్పుడు తెలుస్తుంది. అలాంటి ఫొటో ఇవ్వనివాళ్ళ దగ్గర కొనకండి.